గంజాయికి కొట్టూ వద్దు, కుర్రాడికి జైలూ వద్దు: ముఖ్యమంత్రి గారికి నెల్లూరు నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడు గారికి,



నేను నెల్లూరు జిల్లాలో సర్కారు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. ఈ ఉత్తరం గంజాయి గురించి రాస్తున్నాను గానీ ఇందులో సగం సారా గురించే ఉంటుంది. మత్తు మాటెత్తితే మా జిల్లావాళ్లు సారాను పక్కనపెట్టి మాట్లాడలేరు.

గంజాయి విషయంలో మీ చెవిన రెండు రకాల మాటలు పడుతూ ఉంటాయి. ఇంకా గట్టిగా పట్టుకోవాలి, ఇంకా ఎక్కువమందిని లోపలెయ్యాలి అన్నది ఒకటి. 2024 చివర్లో మీరు ఈగల్ పేరుతో ప్రత్యేక పోలీసు విభాగం పెట్టి, ఫిర్యాదులకు 1972 నంబరు ఇచ్చింది ఆ దారిలోనే. రెండోది చదువుకున్న కుర్రకారు మాట. అమెరికాలో, కెనడాలో ఉండి సెలవులకు ఇంటికొచ్చే మన పిల్లలు ఈ మాట మరీ గట్టిగా అంటారు. కెనడాలో 2018 అక్టోబరు నుంచి గంజాయి దుకాణాల్లో దొరుకుతోంది, ప్రభుత్వానికి పన్ను వస్తోంది, మనమూ లైసెన్సులిచ్చి అమ్మితే ముఠాల బెడద పోతుంది కదా అని అడుగుతారు.

ఈ రెంటిలో దేనికీ నేను ఒప్పుకోలేను. గంజాయి అమ్మకానికి సర్కారు లైసెన్సు ఇవ్వకూడదు. గంజాయి తాగి పట్టుబడ్డ పిల్లవాణ్ని నేరస్తుడిగా చూడకూడదు. ఈ రెండు మాటలూ ఒకే మనిషి అనవచ్చు, ఒకే ప్రభుత్వం ఆచరించవచ్చు. నా మాటకు ఆధారం పుస్తకాల్లో కంటే మా కలిగిరి మండలంలో ఎక్కువ దొరుకుతుంది.

కలిగిరి మండలంలోనే దూబగుంట ఉంది. సారా మీద ఆడవాళ్లు తిరగబడ్డ ఊరు. అదే కలిగిరిలో పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉంది, రైతులు బేళ్లు తెచ్చి అమ్ముకుంటారు. ఇక మద్యం దుకాణాల సంగతి చెప్పేదేముంది, అన్ని మండలాల్లోనూ ఉన్నట్టే. సారాను సర్కారు నిషేధించింది, మద్యాన్ని అమ్మించింది, పొగాకును దగ్గరుండి వేలం వేయించింది. మత్తును ప్రభుత్వం ఎన్ని రకాలుగా చూడగలదో అన్ని రకాలుగానూ చూసిన నేల అది. ఏ పద్ధతి ఎవరికి ఏమి చేసిందో అక్కడ కళ్లతో చూసి చెప్పవచ్చు.

ముందు సారా. 1980లలో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వం సారాను పాకెట్లలో పోయించి ఊరూరికీ చేర్చింది. అంతకుముందు తాగాలంటే దుకాణం దాకా నడవాలి. పాకెట్టు వచ్చాక సారా మనిషి దగ్గరికే రావడం మొదలుపెట్టింది, పొలం గట్టుకూ, కూలీలు కూర్చునే రచ్చబండకూ. కాంట్రాక్టరు ఏటా వేలంలో పాట పెంచుకుంటూ పోవాలి, పెంచిన పాట రాబట్టుకోవడానికి అమ్మకం పెంచాలి. ఆ డబ్బు మగవాడి కూలిలోంచి రావాలి. ఆ కూలి మీద ఆధారపడ్డ పొయ్యి ఎవరిదో మీకు చెప్పక్కర్లేదు.

1990-91లో జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. పొద్దంతా కూలి చేసి రాత్రి పలక పట్టుకున్న ఆడవాళ్లు ఆ వాచకంలో సీతమ్మ కథ చదివారు. తాగుబోతు మొగుడితో వేగిన ఒక ఆడమనిషి కథ అది. చదివి ఊరుకోలేదు. రాత్రి బడిలో పక్కపక్కన కూర్చున్నప్పుడు, ఇది నా ఇంటి కర్మ అని ఎవరికి వాళ్లు అనుకుంటున్నది ఊరందరి ఇళ్లలోనూ జరుగుతోందని బయటపడింది. దూబగుంటలో తాగినవాళ్లు చెరువులో పడి చనిపోయిన ఘటన ఆ కోపానికి తోడైంది. వర్ధినేని రోశమ్మ, ఆమెతోపాటు పేర్లు పత్రికలకెక్కని ఎందరో, ఊళ్లోకి సారా రానివ్వమని దారికి అడ్డం నిలిచారు. పాకెట్లు చించి పారబోశారు, కొట్లు మూయించారు. 1992 నడిమికల్లా ఆ ఊరి కథ జిల్లా కథ అయింది. ఈనాడు పత్రిక ‘సారాపై సమరం’ పేరుతో ప్రత్యేకంగా పేజీయే కేటాయించింది. నెల్లూరులో జరగాల్సిన సారా వేలం ఆడవాళ్లు అడ్డం పడడంతో వాయిదా మీద వాయిదా పడి చివరికి ఆగిపోయింది. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు మా జిల్లావారే. ఆయన తర్వాత వచ్చిన కోట్ల విజయభాస్కరరెడ్డి గారి హయాంలో 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడు అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు.

ఇక్కడ ఒక సంగతి మీరు గమనించాలి. ఆ ఆడవాళ్లు అడిగింది మా మొగుళ్లను జైల్లో వేయమని కాదు. అమ్మే కొట్టు ఎత్తేయమన్నారు, వేలం ఆపమన్నారు. తాగొచ్చినవాడికి గుండు కొట్టించిన ఊళ్లు ఉన్నాయి, చీపురు తిరగేసిన ఊళ్లు ఉన్నాయి, ఆ పద్ధతి సరైందని నేను అనను. కానీ ఊరు తన మనిషిని తానే దండించుకుని మళ్లీ తనలోనే ఉంచుకుంది. వాడి పేరు పోలీసు రికార్డులోకి ఎక్కించమని ఎవరూ కోరలేదు. కొట్టును వేరుగా, మనిషిని వేరుగా చూడడం చదువు నేర్చుకుంటున్న కూలీ ఆడవాళ్లకు తెలిసింది. మన చట్టాలకు ఇప్పటికీ సరిగ్గా తెలియలేదు.

తర్వాత కథలో మీరూ ఉన్నారు. 1994 డిసెంబరులో ఎన్టీ రామారావు గారు ప్రమాణ స్వీకారం రోజునే సంపూర్ణ మద్యనిషేధానికి సంతకం చేశారు, 1995 జనవరి 16 నుంచి అది అమల్లోకి వచ్చింది. నెల్లూరు ఆడవాళ్లు గెలిచామనుకున్నారు. కానీ సారా నిషేధానికీ దీనికీ ఒక తేడా ఉంది. సారా కొట్టు మీద ఊరు కాపలా కాసింది. సంపూర్ణ నిషేధానికి పోలీసులూ ఎక్సైజు సిబ్బందీ కాపలా కాశారు. పక్కన తమిళనాడులో మద్యం, కర్ణాటకలో మద్యం, ఒడిశాలో మద్యం, గోదావరి జిల్లా నడుమ యానాంలో మద్యం. తడ దాటితే దొరికే సీసా నాయుడుపేటకు రావడానికి ఎంతసేపు? దొంగ సరుకు పెరిగింది, నాటుసారా బట్టీలు లేచాయి, ఖజానా బోసిపోయింది. 1997లో మీరు నిషేధం ఎత్తేశారు. సంపూర్ణ నిషేధం నిలవలేదన్న మీ లెక్క తప్పని నేను వాదించను. ఇది మనకు మొదటిసారి కూడా కాదు. 1954లో టంగుటూరి ప్రకాశం గారి ప్రభుత్వం పడిపోయింది మద్యనిషేధం గొడవ మీదే. కల్లుగీత మీద బతికే కులాల కడుపు కొట్టిన చట్టాన్ని సడలించమని రామమూర్తి కమిటీ చెప్పినా వినకపోవడంతో, అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో ఆ ప్రభుత్వం పోయింది.

1997లో నిషేధం ఎత్తేసినప్పుడు కూడా సారా మాత్రం తిరిగి రాలేదు. సర్కారు సారా పాకెట్టు ఈనాటికీ లేదు. అది దూబగుంట సాధించిన విజయం, దాన్ని ఎవరూ చెరపలేరు. అయితే సారా ఖాళీ చేసిన చోట్లోకి చీప్ లిక్కర్ వచ్చి కూర్చుంది. కూలిడబ్బు వెళ్లే దారి మారింది గానీ వెళ్లడం ఆగలేదు.

అప్పటినుంచి జరిగింది మీకు నాకంటే బాగా తెలుసు. 2014 జూన్‌లో మళ్లీ ముఖ్యమంత్రి అయిన రోజున మీరు పెట్టిన తొలి సంతకాల్లో బెల్టుషాపుల రద్దు ఒకటి. నిజాయితీగా పెట్టిన సంతకమనే నేను నమ్ముతాను. కానీ బెల్టుషాపులు పోలేదు. 2019లో వచ్చిన ప్రభుత్వం దశలవారీ నిషేధమని చెప్పి దుకాణాలు తానే నడిపింది, 2020 మేలో ధరలు 75 శాతం పెంచింది. ధర అందనివాళ్లు ఏం చేశారో మా పక్కనే ప్రకాశం జిల్లా కురిచేడులో తేలింది. ఆ ఏడు జూలై చివర్లో శానిటైజర్ తాగి పదిమందికి పైగా చనిపోయారు. మత్తుకు బానిసైనవాడికి ధర పెంచితే మానేస్తాడనుకోవడం ఎంత ప్రమాదమో ఆ శవాలు చెప్పాయి. ఆ అలవాటు ఒంటికి జబ్బు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, భ్రమలు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. వాడికి ముందు డాక్టరు కావాలి.

2024 అక్టోబరులో మీరు ప్రైవేటు దుకాణాల పద్ధతి తెచ్చారు. 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తుకు తిరిగి ఇవ్వని రుసుము 2 లక్షలు. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాలో దాదాపు 1,800 కోట్ల రూపాయలు పడ్డాయి. క్వార్టరు 99 రూపాయలకు అందించారు. మంచి సరుకు తక్కువ ధరకు దొరికితే కల్తీ పోతుందని చెప్పారు. ఏడాది తిరగకముందే, 2025 అక్టోబరులో, అన్నమయ్య జిల్లా ములకలచెరువులో నకిలీ మద్యం తయారుచేసే కేంద్రం బయటపడింది. లైసెన్సు ఇస్తే దొంగ సరుకు దానంతట అదే పోతుందని నమ్మే మన కుర్రకారుకు ఈ సంగతి చెప్పాలి.

ముఖ్యమంత్రి గారూ, గంజాయికి లైసెన్సు వద్దని నేను అనడానికి అసలు కారణం ఆ 1,800 కోట్లే. తాగేవాడికి ముందు అలవాటు అవుతుంది, అమ్మించే ఖజానాకు తర్వాత అవుతుంది, ఖజానాకు పట్టిన అలవాటు మాన్పించే ఆసుపత్రి ఎక్కడా లేదు. మద్యం రాబడి లేకుండా బడ్జెట్టు వేయగల ఆర్థికమంత్రిని ఏ పార్టీలోనూ నేను చూడలేదు. గంజాయి మీద కూడా పన్ను రావడం మొదలైతే, పదేళ్ల తర్వాత ఏ ముఖ్యమంత్రీ దాన్ని ఆపలేడు. అమ్మకాలు తగ్గాయని అధికారుల్ని పిలిచి అడిగే రోజు కూడా వస్తుంది.

లెక్కలు కూడా నా భయానికి తోడు వస్తున్నాయి. కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం దేశంలో మద్యం తాగేవాళ్లు సుమారు 16 కోట్లు. గంజాయి, చరస్ వాడేవాళ్లు సుమారు 1.3 కోట్లు. అదే మొక్క ఆకులతో చేసే భంగుకు గంజాయి చట్టం వర్తించదు, దాన్ని వాడేవాళ్లు 2.2 కోట్లు. చట్టం ఒక్కటే కారణమని నేను అనడంలేదు, అలవాటూ ఆచారమూ ఉన్నాయి. అయినా, కొట్టులో వరసగా పేర్చి అమ్మే వస్తువును ఎక్కువమంది కొంటారని తెలుసుకోవడానికి ఎయిమ్స్ దాకా పోనక్కర్లేదు, సందు చివర నిలబడితే చాలు. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయిని మత్తుపదార్థాల జాబితా నుంచి తీసేసింది. వేల దుకాణాలు పుట్టుకొచ్చాయి. పిల్లల చేతికి పోతోందని గోల పెరిగి, 2025లో డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని ఆ ప్రభుత్వమే వెనక్కి తిరిగింది.

గంజాయి అంత ప్రమాదమేమీ కాదు, సారా కంటే నయం అని కొందరంటారు. పెద్దవయసు మనిషి విషయంలో ఆ మాటకు కొంత ఆధారం ఉండొచ్చు. నేను చూసింది పదిహేను పదహారేళ్ల పిల్లల్ని. వాడేవాళ్లలో పదిమందిలో ఒకరు దానికి బానిస అవుతారని, పదిహేడు పద్దెనిమిదేళ్లలోపే మొదలుపెట్టినవాళ్లలో ఆరుగురిలో ఒకరని వైద్యశాస్త్రం చెబుతోంది. మెదడు పాతికేళ్లదాకా ఎదుగుతూనే ఉంటుంది. కొందరు పిల్లల్లో మతి చలించే జబ్బును గంజాయి బయటికి లాగుతుంది. ఇది నాకు చిన్న విషయం కాదు.

పొగాకు సంగతి చూస్తే నా వాదానికి ఎదురుదెబ్బ ఉంది, దాన్ని దాటవేయను. 1976లో గుంటూరు కేంద్రంగా పొగాకు బోర్డు ఏర్పడింది. రైతు బ్యారనుకు రిజిస్ట్రేషను, పంటకు పరిమితి, వేలం కేంద్రంలో అమ్మకం, అన్నీ ప్రభుత్వం కళ్లముందే. తాగినవాణ్ని ఎవరూ జైల్లో పెట్టలేదు. 2003 చట్టంతో ప్రకటనలు ఆపారు, 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం నిషేధించారు, పెట్టె మీద భయంకరమైన బొమ్మలు వేయించారు. పొగాకు వాడే పెద్దవాళ్లు 2009-10లో 34.6 శాతం ఉంటే 2016-17కు 28.6 శాతానికి తగ్గారు. ఎవరికీ సంకెళ్లు వేయకుండా ఒక అలవాటును తగ్గించవచ్చని దీంతో రుజువైంది. గంజాయికీ ఇదే పద్ధతి పెట్టవచ్చు కదా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

నా జవాబు ఇది. పొగాకు మన మధ్య వందల ఏళ్లుగా ఉంది. ఊళ్లన్నీ దాని మీద బతకడానికి అలవాటుపడ్డాక దాన్ని తగ్గించే పనిలో పడ్డాం. అంత తగ్గించినా దేశంలో ఏటా 13 లక్షలమందికి పైగా పొగాకు వల్ల చనిపోతున్నారు. కలిగిరి రైతు ఆ పంట వదలలేడు, సిగరెట్ కంపెనీ ఆ వ్యాపారం వదలదు, కేంద్రం ఆ పన్ను వదలదు. ఉన్న బరువును దించుకోవడానికి నానా అవస్థ పడుతూ కొత్తది ఎత్తుకోమంటే ఎట్లా? పొగాకు నుంచి గంజాయికి తెచ్చుకోవలసిన పాఠం ఒకటుంది. అది దుకాణం కాదు. వాడేవాడి మీద కేసు లేకుండానే వాడకం తగ్గించవచ్చన్నది.

ఇప్పుడు నిషేధం సంగతి. గంజాయిని మనం మొదటినుంచీ నేరంగా చూడలేదు. బ్రిటిషువాళ్లు 1893-94లో ఒక కమిషన్ వేసి దేశమంతా విచారించి, పూర్తిగా నిషేధించడం మంచిది కాదని తేల్చుకున్నారు. స్వాతంత్య్రం వచ్చాక కూడా చాలాకాలం లైసెన్సు కొట్లలో గంజాయి దొరికేది. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఇచ్చిన పాతికేళ్ల గడువు దగ్గరపడగా 1985 నవంబరులో ఎన్‌డీపీఎస్ చట్టం వచ్చింది. దాని ప్రకారం కిలో దాకా చిన్న పరిమాణం, ఏడాది దాకా కఠిన శిక్ష గానీ 10 వేల జరిమానా గానీ రెండూ గానీ. 20 కిలోలు దాటితే వ్యాపార పరిమాణం, కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై ఏళ్లు, బెయిలు దొరకడం గగనం.

ఈ చట్టం వచ్చి నలభై ఏళ్లు. మన్యంలోని చింతపల్లి, గూడెంకొత్తవీధి, జి.మాడుగుల, పెదబయలు కొండల్లో గంజాయి పంట పెరిగింది ఈ నలభై ఏళ్లలోనే. 2021-22లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు వేల ఎకరాల తోటలు నరికారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో ఒక్కరోజే రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. అంత కాల్చాక కూడా కోల్‌కతా చెన్నై జాతీయ రహదారి మీద, కావలి నుంచి తడ దాకా, సరుకు పట్టుబడుతూనే ఉంది. గూడూరు మీదుగా వెళ్లే రైళ్లలోనూ అంతే. మా జిల్లా ఈ వ్యాపారానికి దారి మాత్రమే అని చాలాకాలం అనుకున్నాం. దారిలో ఉన్న ఊరికి సరుకు అంటకుండా పోదు.

పట్టుబడేది ఎవరు? కూలికి మోసుకొచ్చిన మన్యం కుర్రవాడు, లారీ డ్రైవరు, చీటీల్లో కట్టి అమ్మే మురికివాడ పిల్లవాడు, వాడి దగ్గర కొన్న ఇంటర్ విద్యార్థి. పెట్టుబడి పెట్టినవాడు ఇంకో రాష్ట్రంలో ఉంటాడు. మన్యం కుర్రవాడి సంచిలో 21 కిలోలు ఉంటే కనీసం పదేళ్లు. వాడికి దక్కేది మోసిన కూలి. వాడికి బెయిలు కోసం విశాఖ కోర్టు మెట్లెక్కే తల్లికి చట్టం చదివి చెప్పేవాళ్లుండరు.

నా దగ్గర చదువుకున్న ఒక పిల్లవాడి సంగతి చెబుతాను. పేరూ ఊరూ చెప్పను. తండ్రి లేడు, తల్లి రొయ్యల చెరువుల దగ్గర పనికి పోతుంది. లెక్కల్లో చురుకు. స్నేహితులతో కూర్చున్నచోట పట్టుబడ్డాడు, జేబులో ఒక పొట్లం. ఎవరూ వాణ్ని కొట్టలేదు, అన్యాయంగా కేసు పెట్టలేదు. చట్టం ఎట్లా ఉందో అట్లాగే జరిగింది. కేసు తేలేలోపు చదువు ఆగింది, కేసున్న పిల్లవాడన్న పేరుతో పని ఇచ్చేవాళ్లు వెనకాడారు. ఇంట్లో మాటలు లేవు. చివరికి వాణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నది ఎవరో తెలుసా? ఆ పొట్లం అమ్మినవాడు. ఊరంతా వెలేసినవాడికి వాడొక్కడే పని ఇచ్చాడు. కొన్నవాణ్ని అమ్మేవాడిగా మార్చే పని మన చట్టమే చేసింది. ఆ తల్లి ముఖం నేను మరచిపోలేకపోతున్నాను.

అయితే అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో 64-ఏ అనే సెక్షను ఉంది. మత్తుకు అలవాటుపడి చిన్న పరిమాణంతో పట్టుబడ్డవాడు, ప్రభుత్వ గుర్తింపు ఉన్నచోట చికిత్స చేయించుకోవడానికి తనంతట తాను ముందుకొస్తే అతని మీద విచారణ ఉండదు. 39వ సెక్షను కింద, నేరం రుజువైనా జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం కోర్టుకు ఉంది. ఇవి కేంద్రం ఇచ్చినవే, కొత్త చట్టం అక్కర్లేదు. పార్లమెంటు మారేదాకా ఆగక్కర్లేదు. పట్టుకున్న రోజునే స్టేషన్‌లో ఆ కుర్రవాడికీ వాడి తల్లికీ తెలుగులో ఈ సంగతి చెప్పాలని డీజీపీ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. ఈ సెక్షన్ల కింద ఏ జిల్లాలో ఎందరికి మేలు జరిగిందో ఏటా ప్రకటించండి. ఎన్ని కిలోలు పట్టుకున్నామో విలేకరుల ముందు పేర్చి చూపించే పోలీసులు, ఎందరు పిల్లల్ని మాన్పించామో కూడా చెప్పే రోజు రావాలి.

పోర్చుగల్ 2001 జూలై నుంచి ఈ దారిలోనే నడుస్తోంది. అక్కడ మత్తుపదార్థాల అమ్మకం ఇప్పటికీ నేరమే. పది రోజుల వాడకానికి మించని సరుకుతో దొరికినవాణ్ని మాత్రం కోర్టుకు కాకుండా ఒక చిన్న సంఘం ముందుకు పంపుతారు. మాట్లాడతారు, చికిత్స అవసరమైతే దారి చూపిస్తారు. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2020లో జనం ఓటుతో ఇదే పని చేయబోయి, చికిత్స ఏర్పాట్లు వెనకబడిపోవడంతో వీధుల్లో తాగేవాళ్లు కనబడి జనానికి విసుగెత్తి, 2024లో మళ్లీ శిక్షలు తెచ్చింది. కేసు తీసేయడం ఒక్కటే చేసి ఆసుపత్రిలో మంచం వేయకపోతే ఏమవుతుందో ఒరెగాన్ చెబుతోంది. కాబట్టి వరస ముఖ్యం. ముందు మంచం, తర్వాత మాఫీ.

మన దగ్గర మంచాలు ఎక్కడ? మద్యం వల్ల సాయం అవసరమైనవాళ్లు దేశంలో 5.7 కోట్లమంది అని ఎయిమ్స్ సర్వే చెప్పింది. మద్యానికి పూర్తిగా బానిసలైనవాళ్లలో ముప్ఫై ఎనిమిదిమందిలో ఒకరికే ఏదో ఒక చికిత్స అందింది. ఉదయగిరి నుంచో వింజమూరు నుంచో ఒక కూలీ మానేయాలనుకుంటే ఎవరి దగ్గరికి పోవాలి? నెల్లూరు పెద్దాసుపత్రికి రానూపోనూ ఛార్జీలు, ఒకరోజు కూలి, తోడు వచ్చే ఆడమనిషి కూలి. ప్రైవేటు కేంద్రాల్లో నెలకు అడిగే డబ్బు వాళ్ల ఏడాది పొదుపు. నాటుమందు పోసేవాడి దగ్గరికో, దేవుడి ముందు కట్టించే కంకణం దగ్గరికో పోతారు. కంకణాన్ని నేను తీసిపారేయను, కొందర్ని అది నిలబెట్టింది. కానీ వణుకుతున్నవాడికి మందు కావాలి. కావలి, ఆత్మకూరు, ఉదయగిరి లాంటి చోట్ల ప్రభుత్వాసుపత్రుల్లో నాలుగేసి మంచాలు, శిక్షణ పొందిన ఒక డాక్టరు, మాట్లాడే ఓపిక ఉన్న ఒక నర్సు ఉంటే సగం పని అవుతుంది. మద్యం దరఖాస్తు రుసుములుగా వచ్చిన ఆ 1,800 కోట్లలో పదో వంతు దీనికి ఇచ్చినా రాష్ట్రంలోని ఆసుపత్రుల రూపు మారుతుంది.

అమ్మేవాడి విషయంలో నేను కనికరం అడగడంలేదు. పెట్టుబడి పెట్టినవాణ్ని, బళ్ల దగ్గర కాపేసి పిల్లలకు అలవాటు చేసేవాణ్ని ఈగల్ వదలకూడదు. ఆస్తుల దాకా వెళ్లాలి. పోలీసుల సమయమంతా పొట్లం కొన్నవాళ్ల కేసులు రాయడంతో గడిచిపోతే ఆ పెద్దవాడి దాకా వెళ్లేదెవరు? మన్యంలో తోట నరికినచోట కాఫీ, మిరియాలు, పసుపు నిలబడేదాకా రైతుకు డబ్బు అందాలి. నరికి వదిలేస్తే మళ్లీ విత్తనం తెచ్చేవాడు రాత్రికే వస్తాడు.

ఇక ఊరి సంగతి. 1996లో వచ్చిన పీసా చట్టం ప్రకారం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపానీయాల అమ్మకాన్ని నిషేధించే, అదుపుచేసే అధికారం గ్రామసభకు ఉంది. అంటే చింతపల్లి కొండల్లో ఒక గూడెం తనకు దుకాణం వద్దని అనగలదు. దేశమంతటికీ దారి చూపించిన దూబగుంటకు ఆ హక్కు లేదు, ఎందుకంటే అది షెడ్యూల్డు ప్రాంతం కాదు. మహారాష్ట్రలో ఊరి ఆడ ఓటర్లలో సగానికి మించి వద్దని ఓటేస్తే మద్యం దుకాణం మూసేసే పద్ధతి ఉంది. మన రాష్ట్రానికి ఇది ఎందుకు రాలేదు? సారా ఉద్యమం పుట్టింది ఇక్కడ. ఆ ఆడవాళ్ల కూతుళ్లు ఇప్పుడు డ్వాక్రా సంఘాల్లో ఉన్నారు. పొదుపు లెక్కలు రాసుకుంటున్నారు, బ్యాంకు మేనేజరుతో మాట్లాడగలరు, ఓటు వేయగలరు. ఆ సంఘాలకు ఊపిరి పోసింది మీ ప్రభుత్వమే. అప్పు తీసుకోవడానికి పనికొచ్చిన సంఘం, ఊళ్లో దుకాణం ఉండాలా వద్దా అని చెప్పడానికి ఎందుకు పనికిరాదు?

ఇప్పుడున్న మద్యం లైసెన్సుల గడువు 2026 సెప్టెంబరుతో తీరుతుంది. తర్వాతి విధానం రాసేటప్పుడు అందులో ఈ ఒక్క నిబంధన చేర్చండి: ఊరి ఆడవాళ్లలో సగానికి మించి వద్దన్నచోట దుకాణానికి దరఖాస్తు పిలవకూడదు, అక్కడ బెల్టుషాపు కనబడితే సరుకు పంపిన లైసెన్సుదారుడి లైసెన్సు రద్దు కావాలి. నోటిఫికేషను వచ్చాక అడిగితే రుసుములు కట్టేశారంటారు, కోర్టుకు పోతారు. అందుకే ఆ ఉత్తర్వు దరఖాస్తులు పిలవడానికి ముందే రావాలి. మొదటి ఓటింగు కలిగిరి మండలంలో పెట్టించండి.

ఇట్లు,
నెల్లూరు జిల్లా నుంచి
ఒక రిటైర్డు ఉపాధ్యాయురాలు